కుంకుమ పెట్టని కంప్యూటర్

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కరుణాకర్‌రావు నాకు పావుగంట టైమిచ్చాడు. ఇస్తూ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు, నేనేదో పరీక్ష రాయడానికి వచ్చినట్టు. సాయంత్రం అయిదింటికి కుర్రాణ్ణి మేజిస్ట్రేట్ ముందు నిలబెడతాడట. ఆ తర్వాత మాట్లాడాలనుకుంటే జైలుకు వెళ్ళి తీరిగ్గా మాట్లాడుకోవచ్చట.

ఈయనకూ నాకూ పాత గొడవలున్నాయి. నేను వేలిముద్రల విభాగంలో పనిచేసిన రోజుల్లో ఈయన పట్టుకొచ్చిన దొంగలను నా భూతద్దం రెండు మూడుసార్లు ఇంటికి పంపించింది. ఆ ఉద్యోగం వదిలి కరీంనగర్‌లో సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక కూడా ఆయన ఆ సంగతి మరచిపోలేదు. నిజం చెప్పాలంటే నేనూ మరచిపోనివ్వలేదు.

"మేడం, మీరు పెద్దోళ్లు, గందుకే లోపలికి రానిచ్చిన. కేసు మాత్రం అయిపోయింది. సాక్ష్యం మనిషి చెప్పలే, మిషనే చెప్పింది," అన్నాడు.

కేసు ఇదీ. మంకమ్మతోట వైపు ఉన్న ట్రస్టు దవాఖానకు ఛైర్మన్ బాలకిషన్‌రావు. దసరా మర్నాడు ఆయనకు అదే దవాఖానలో హెర్నియా ఆపరేషన్ జరిగింది. సాయంత్రం నొప్పి అంటే నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది. ఆ మందు ఆయనకు బొత్తిగా పడదు. గొంతు వాచి ఊపిరి ఆగినంత పనైంది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గానీ మనిషి ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ మందు పడదన్న సంగతి దవాఖాన కంప్యూటర్‌లో నెల కిందటే ఎక్కించారు. ఆ రోజు పొద్దున వార్డుకు పంపిన కాగితంలో మాత్రం ఆ మాట లేదు. ఎవరో చెరిపేశారు. కాగితం తీసి పంపింది కంప్యూటర్ ఆపరేటర్ అంబదాస్.

అంబదాస్ తల్లి శంకరవ్వ ఇవాళ పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ కాయలు కాసిన చేతులు. కొడుకు అలాంటివాడు కాదని ఒక్కసారే చెప్పి, నేను చెప్పులు వేసుకునేదాకా అరుగు మీదే కూర్చుంది. అలాంటివాళ్ళకు లేదని చెప్పడం నాకు చేతకాదు.

అంబదాస్‌కు ఇరవై నాలుగేళ్ళు. చేతికి బేడీ, రెండో కొస బెంచీకి. దసరా రోజంతా ఇంట్లోనే ఉన్నానని, మగ్గాలకు పూజ చేసుకున్నామని చెప్పాడు. ఇంట్లోవాళ్ళ సాక్ష్యం చెల్లదని పక్క నుంచి కరుణాకర్‌రావు అందుకున్నాడు. పైగా దసరా తర్వాత హైదరాబాద్ కంపెనీని పిలిపించి ఇతణ్ణి పంపించేస్తానని ఛైర్మన్ అందరి ముందూ అన్నాడట. కోపం ఉండడానికి అది చాలన్నాడు.

కాగితం మీద చూస్తే ఇన్‌స్పెక్టర్ మాట గట్టిదే. దవాఖానలో రోగుల వివరాలన్నీ ఒక పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి, దాన్ని సర్వర్ అంటారు. మిగతా బల్లల మీదున్నవి మామూలు కంప్యూటర్లు. వాటిలో యాక్సెస్ అనే ప్రోగ్రాం పెట్టి సర్వర్‌తో కలిపారు. బల్ల ముందు కూర్చుని ఏది దిద్దినా అది సర్వర్‌లోనే దిద్దుబాటు అవుతుంది. ఎవరు దిద్దారు, ఏ మిషన్ నుంచి, ఎన్ని గంటలకు అన్నది సర్వర్ తనంతట తానే రాసి పెట్టుకుంటుంది. దసరా పొద్దున పదకొండు ఇరవైకి బాలకిషన్‌రావు వివరాల్లోంచి ఆ మాట పోయింది. పేరు అంబదాస్‌ది. మిషన్ అంబదాస్‌ది. ఆ రాసిపెట్టే ఏర్పాటు చేసింది కూడా అంబదాసే కావడం కరుణాకర్‌రావుకు మహా సరదాగా ఉంది.

నేను వేరే దారిలో వెళ్ళాను. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసని అంబదాస్‌ను అడిగితే తనకు తప్ప ఎవరికీ తెలియదన్నాడు. తన మెడకు తానే తాడు బిగించుకుంటున్నాడు పిచ్చివాడు.

"రోజూ పొద్దున గా ప్రోగ్రాం తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ కొడ్తవా?" అన్నాను.

"కొట్ట మేడం. ఫైలే యాదికుంచుకుంటది. గట్ల ఉంచుకొమ్మని నేనే టిక్కు పెట్టిన."

"గా ఫైలు ఇంకెవలి దగ్గరున్నది?"

చానామంది దగ్గర ఉందన్నాడు. ల్యాబు, స్టోరు, వార్డు, ఫీజుల కౌంటరు, సెక్రటరీగారి గది. అందరూ తమ మిషన్ల మీద లెక్కలు చూసుకోవాలన్నారు. ప్రతివాళ్ళకూ కొత్తగా చేసే ఓపిక లేక తన ఫైలునే ఫ్లాపీలో ఎక్కించి పంచిపెట్టాడు. పాస్‌వర్డ్ అడిగితే పెద్దవాళ్ళు విసుక్కుంటారని టిక్కు తీయలేదు. దవాఖానలో అందరి వివరాలున్న ఫైలు ఫ్లాపీలో ఎలా పట్టిందన్నాను.

"లోపల వివరాలు ఏముండయి మేడం. అన్ని సర్వర్లనే ఉంటయి. ఫైల్ల తొవ్వ ఒక్కటే ఉంటది," అన్నాడు.

వివరాలు కాదు, వాటి దగ్గరికి దారి మాత్రమే. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కు నచ్చలేదు. పాస్‌వర్డ్ సంగతి ఎలా ఉన్నా మిషన్ పేరు అబద్ధమాడదు కదా అన్నాడు. సర్వర్‌కు మిషన్ పేరు ఎలా తెలుస్తుందని అంబదాస్‌ను అడిగాను. మిషనే చెప్పుకుంటుందన్నాడు. అప్పటికి టైమైపోయింది. కరుణాకర్‌రావు గడియారం చేతికి పెట్టుకున్నాడు. చెప్పుకున్నదాన్ని సాక్ష్యం అంటారా సార్ అని అడిగి బయటికొచ్చాను.

దవాఖానకు వెళ్ళేసరికి పన్నెండు కావస్తోంది. శంకరవ్వ గేటు పక్కన నిలబడి ఉంది. బాలకిషన్‌రావు తమ్ముడు ఉపేందర్‌రావు ట్రస్టుకు సెక్రటరీ. తెల్లటి లాల్చీ, నుదుట కొండగట్టు అంజన్న సింధూరం. నన్ను చూసి చేతులు జోడించాడు. అన్న గురించి చెబుతుంటే కళ్ళు తడి అయ్యాయి. "ఏ మిషనైనా చూస్కో రుక్మక్కా, మాకేం దాపరికం," అన్నాడు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది కూడా ఈయనే.

కంప్యూటర్ గదులన్నీ చూపించడానికి నాగయ్య అనే అటెండర్‌ను నాకు తోడిచ్చాడు. నాగయ్యకు యాభై దాటాయి. మాట్లాడించేవాళ్ళు లేక మొహం వాచిపోయినట్టున్నాడు, మొదటి గదిలోనే దసరా కథంతా విప్పాడు. ఆపరేషన్ గదిలో కత్తుల దగ్గర నుంచి జీపుల దాకా అన్నిటికీ ఆయుధపూజ చేసింది తనే. కంప్యూటర్లకూ పొద్దున తొమ్మిదిలోపే చేశాడు, సెక్రటరీగారి మిషన్‌కు మాత్రం ఆయన భార్యే వచ్చి చేసిందట. ఒక్కొక్క దానికి పసుపు దారం కట్టి, బంతిపూలు పెట్టి, పసుపు ముద్ద తీసుకెళ్ళి సరిగ్గా మిషన్ వేసే స్విచ్ మీద అద్ది దాని మీద కుంకుమ పెట్టాడు. పూజ చేసిన పనిముట్టును ఆ రోజంతా ముట్టుకోకూడదు కదా. ఆ ఒక్క రోజు అన్నీ కాగితాల మీద రాసుకున్నారు. మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టాకే వాటిని తెరిచారు. సర్వర్‌కు మాత్రం నడుస్తుండగానే పూజ చేశాడట.

నేను అంబదాస్ బల్ల ముందు ఆగిపోయాను. స్విచ్ పక్కన పసుపు మరక ఇంకా ఉంది. మర్నాడు పొద్దున ఆ ముద్ద ఎలా ఉందని అడిగాను.

"ఎట్ల పెట్టింది గట్లనే ఉండెనమ్మా. ఎండి రాయి లెక్క అయ్యింది. నేనే గోరుతోటి గీకి తీసిన," అన్నాడు నాగయ్య. అన్ని మిషన్లవీ తనే తీశాడట. ఒక్కటీ పగల్లేదట.

ఎండిన పసుపు ముద్ద పగలకుండా ఆ స్విచ్ నొక్కడం ఎవరి తరమూ కాదు. అంటే దసరా నాడు పదకొండు ఇరవైకి అంబదాస్ మిషన్ నిద్రలో ఉంది. నేను ఎంత మామూలుగా మొహం పెడదామనుకున్నా నవ్వు ఆగలేదు.

పూజ చేయని మిషన్ ఏదైనా ఉందా అని అడిగాను. ఒక్కటుందన్నాడు, మేనేజర్ లింగమూర్తిగారి గదిలో. పాలివాళ్ళలో ఎవరో పోయారని ఆయన దసరాకు ముందే ఆసిఫాబాద్ వెళ్ళాడు. సూతకం ఉన్నవాళ్ళ గది కాబట్టి నాగయ్య అందులో అడుగుపెట్టలేదు, పసుపు కుంకుమ పెట్టలేదు. మేనేజర్ వెళ్ళేరోజు తనే దుమ్ము పడకుండా మిషన్‌కు గుడ్డ కప్పి వచ్చాడు, అంతే.

ఆ గది మేడ మీద చివర ఉంది, తాళం వేసి ఉంది. కిటికీ అద్దంలోంచి చూశాను. కప్పిన గుడ్డ నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది. నాగయ్య కూడా చూసి తల గోక్కున్నాడు. తాళంచెవులు రెండే. ఒకటి మేనేజర్ వెంట తీసుకెళ్ళాడు, రెండోది సెక్రటరీగారి దగ్గర.

ఆసిఫాబాద్ నా పుట్టూరు. దవాఖాన ఫోన్ నుంచే మా చిన్నమ్మ కొడుక్కు ఫోన్ చేశాను. లింగమూర్తి వెళ్ళిన రోజు నుంచి ఊరు కదల్లేదని, దసరా పొద్దునంతా తమ అరుగు మీదే కూర్చుని ఉన్నాడని అతను చెప్పాడు. అతనికి తెలియని కదలిక ఆసిఫాబాద్‌లో ఉండదు.

ఇక మిగిలింది మిషన్ పేరు. పూజలు, తాళంచెవులు కరుణాకర్‌రావు చెవికెక్కవు. ఆయనకు మిషన్ చెప్పిందే వేదం. నలభై ఏడేళ్ళ వయసులో నేను కంప్యూటర్ కోర్సులో చేరితే, పక్కన కూర్చున్న పిల్లలు నన్ను ఎవరి తల్లో అనుకున్నారు. అక్కడ నేర్చిన నాలుగు ముక్కలు ఇవాళ పనికొచ్చాయి. అంబదాస్ మిషన్‌లోంచి ఆ ఫైలును ఫ్లాపీలోకి ఎక్కించాను. ఆ మిషన్ ఆపేశాను, అది చాలదని ప్లగ్గు కూడా పీకేశాను. ల్యాబులోకి వెళ్ళి అక్కడి మిషన్‌లో నా ఫ్లాపీ పెట్టి ఫైలు తెరిచాను. పాస్‌వర్డ్ అడగలేదు. పరీక్ష కోసం పెట్టుకున్న ఉత్తుత్తి రోగి పేరు ఒకటి ఉంటే, దాని పక్కన ఒక చుక్క పెట్టాను. సర్వర్ గదిలోకి వచ్చి అది ఏం రాసుకుందో చూశాను.

మనిషి పేరు, అంబదాస్. మిషన్ పేరు, అంబదాస్ మిషన్. ప్లగ్గు పీకి గోడకు ఆనించిన మిషన్!

మళ్ళీ ఫైలు తెరిచి ఆ తొవ్వ దేనితో కట్టారో చూశాను. ఏ సర్వర్‌కు వెళ్ళాలి, ఎవరి పేరుతో వెళ్ళాలి, పాస్‌వర్డ్ ఏంటి, అన్నీ వరుసగా ఉన్నాయి. చివర, ఆ తొవ్వ మొదటిసారి ఏ మిషన్ మీద వేశారో దాని పేరు కూడా ఉంది. ఆ ఫైలు తర్వాత ఏ మిషన్ మీదికి వెళ్ళినా తన పేరు అదేనని చెప్పుకుంటుంది, అత్తగారింటికొచ్చి పదేళ్ళయినా పుట్టింటి పేరే చెప్పుకునే కోడలిలాగా. అంబదాస్ పంచిన ఫ్లాపీలన్నీ ఎవరి చేతిలో ఉన్నా అంబదాస్ పేరే చెబుతాయి. నేరం చేసినవాడికి ఈ కిటుకు తెలిసి ఉండదు. వాడికి అప్పనంగా కలిసొచ్చింది.

కరుణాకర్‌రావును ఫోన్ చేసి రప్పించాను. ల్యాబు మిషన్ మీద మళ్ళీ అంతా చేసి చూపించాను. ఆయన మొహం ఎర్రబడింది. అయినా లొంగలేదు. దీంతో అంబదాస్ కాకపోవచ్చని మాత్రమే తేలిందట, కాదని తేలలేదట. కాకపోవచ్చు అన్నదానికి కోర్టులో బెయిల్ కూడా రాదట. అప్పుడు పసుపు ముద్ద, సూతకం, గుడ్డ, రెండో తాళంచెవి చెప్పాను. ఉపేందర్‌రావు పేరు వినగానే లేచి నిలబడ్డాడు.

"ఫిర్యాదు ఇచ్చినోడే చేసిండంటారా? ఆయన గదిల ఆయనకు సొంత మిషనున్నది. దాని మీద చేస్కోక మేనేజర్ గదికెందుకు పోతడు?"

"ఆయన మిషన్‌కు పూజ నాగయ్య చెయ్యలే. ఆయన భార్య నిర్మలాదేవి వచ్చి స్వయంగ చేసింది. నాగయ్యనే చెప్పిండు," అన్నాను.

"అన్నను చంపాలనుకున్నోడు పసుపుకు భయపడ్తడా మేడం?"

ఉపేందర్‌రావుకు కారణం లేదా అని ఎదురడిగాను. ఆపరేషన్ అయ్యాక ట్రస్టు తన కూతురు ప్రమోదినికి అప్పగిస్తానని బాలకిషన్‌రావు బతుకమ్మ నాడే బంధువులందరికీ చెప్పాడు, ఇదీ నాగయ్య నోటి నుంచి విన్నదే. ఇరవై ఏళ్ళు దవాఖాన నడిపింది తమ్ముడు. ఇన్‌స్పెక్టర్‌కు ఈ సంగతి నాకన్నా ముందే తెలుసు, ఆ ఇంటి భోజనాలకు పిలిచినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. అందుకే ఇప్పటిదాకా అటువైపు చూడలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. ఆయన కాసేపు నన్ను మింగేసేలా చూసి, ఏం చేయమంటారని అడిగాడు. అయిదు గంటలకు ఇంకా టైముంది.

అంబదాస్‌ను జీపులో తెప్పించమన్నాను, బేడీలతోనే. వెంకటి అనే కానిస్టేబుల్‌ను మఫ్తీలో మేడ మీద వరండాలో రోగి బంధువులా కూర్చోబెట్టమన్నాను.

ఆ తర్వాత ఉపేందర్‌రావు గదికి వెళ్ళాను. కరుణాకర్‌రావు నా వెనకే వచ్చాడు, మాట్లాడకుండా ఉండడం ఆయనకు చాలా కష్టమైంది. దర్యాప్తులో నాకేమీ దొరకలేదని, అంబదాసే చేసినట్టుందని చెప్పాను. ఒక చిన్న సంగతి మాత్రం మిగిలిందన్నాను. దసరా నాడు సర్వర్ రాసుకున్న ఆ వరసలో పైకి కనిపించని మరో గడి ఉందని, అందులో ఏ గది నుంచి దిద్దారో కూడా ఉంటుందని, దాన్ని తెరవడానికి హైదరాబాద్ నుంచి మనిషి బస్సులో బయల్దేరాడని చెప్పాను. అంతా నేను అల్లిన కట్టుకథే. అంత నున్నగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

ఉపేందర్‌రావు మంచి పని చేశారన్నాడు. టీ తెప్పించాడు. తనది తాగలేదు.

అంబదాస్‌ను వెనక తలుపు నుంచి సర్వర్ గదిలోకి తీసుకొచ్చారు. తలుపు వేసుకున్నాం. మిషన్లకు మరమ్మతు ఉందని చెప్పి ల్యాబు, స్టోరు, వార్డు, కౌంటరు అన్నిటినీ ఆపించాను. అంబదాస్ మిషన్‌ను కూడా ఆ గదిలోకే మోయించి, దాని ప్లగ్గు వైరు తీసుకెళ్ళి కరుణాకర్‌రావు చేతిలో పెట్టాను. పట్టుకోండి సార్, ఇది నడవట్లేదని మీరే సాక్షి అన్నాను. ఆయన నిజంగానే పట్టుకున్నాడు.

ఈ క్షణంలో సర్వర్‌తో ఎవరెవరు కలిసి ఉన్నారో చూపించే తెర ఒకటుంది. అంబదాస్ బేడీ చేత్తోనే దాన్ని తెరిచాడు. ఒక్క పేరు కూడా లేదు. కూర్చున్నాం. కరుణాకర్‌రావు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు, మూడోసారి నా వైపు చూసి నవ్వాడు. వచ్చే బస్సులో హైదరాబాద్ మనిషి దిగుతాడా అని అడిగాడు. నాకూ లోపల బెదురుగానే ఉంది. నా అంచనా తప్పితే శంకరవ్వకు ఏం చెప్పాలన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

"మేడం," అన్నాడు అంబదాస్.

తెర మీద ఒక వరస వచ్చింది. మనిషి పేరు, అంబదాస్. మిషన్ పేరు, అంబదాస్ మిషన్.

కరుణాకర్‌రావు తెరను చూశాడు. బేడీలతో పక్కనే కూర్చున్న అంబదాస్‌ను చూశాడు. తన చేతిలో ఉన్న ప్లగ్గును చూశాడు. పెద్ద ఉద్యోగం చేసే మనిషి అలా నోరు తెరుచుకుని నిలబడడం నేను మళ్ళీ చూస్తానో లేదో. ఆ లోపల అంబదాస్ మరో తెర తెరిచి సర్వర్ రాసుకున్న వరసలు చూపించాడు. ఒకసారి నొక్కాడు, దసరా పదకొండు ఇరవై వరస ఉంది. మళ్ళీ నొక్కాడు, లేదు. మా కళ్ళ ముందే చెరిపేశారు.

"సాక్ష్యం మిషన్ చెప్పింది సార్," అన్నాను. అనకుండా ఉండాల్సింది గానీ అనేశాను, చాలా హాయిగా ఉండింది.

ఆయన ప్లగ్గు కింద పడేసి మెట్లెక్కి పరుగెత్తాడు. నా మోకాళ్ళు నొప్పులని కూడా చూడకుండా నేనూ పరుగెత్తాను. వరండాలో వెంకటి మేనేజర్ గది తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. లోపల గడియ వేసి ఉంది. రెండోసారి కొట్టాక తలుపు తెరుచుకుంది. ఉపేందర్‌రావు గుమ్మంలో నిలబడ్డాడు. లాల్చీ జేబులోంచి ఫ్లాపీ మూల బయటికి కనబడుతోంది. వెనకాల తెర ఇంకా వెలుగుతోంది.

మేనేజర్ ఫోన్ చేసి ఏదో కాగితం వెతకమన్నాడని మొదలుపెట్టాడు. కరుణాకర్‌రావు జేబులోంచి ఫ్లాపీ లాగేసరికి ఆ మాట సగంలో ఆగిపోయింది. మనిషి కుర్చీలో కూలబడ్డాడు, మడతపెట్టిన గుడ్డ మీదే. నేను ఒక్కటే అడిగాను. సొంత గది, సొంత మిషన్, లోపల గడియ వేసుకుంటే అడిగేవాడు లేడు. దసరా నాడు ఇంత దూరం ఎందుకొచ్చావన్నాను.

ఆయన నా వైపు విచిత్రంగా చూశాడు, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

"నిర్మల పూజ చేసిన మిషన్ అక్కా. దానితోటి గసొంటి పాపం చేస్తమా?"

అన్న ప్రాణం తీయడానికి జంకని మనిషి పసుపు ముద్ద పగలగొట్టలేకపోయాడు. సొంత మిషన్ మీదే ఆ పని చేసుకుని ఉంటే, ఈ గుడ్డా తాళంచెవీ నా కంట పడేవి కావు, అంబదాస్ జైలుకు పోయేవాడేమో. ఆయన భక్తే ఆయన్ను పట్టించింది.

సర్వర్ గదిలోకి తిరిగొచ్చి ఇన్‌స్పెక్టర్ తన చేత్తోనే అంబదాస్ బేడీ విప్పాడు. దాన్ని పట్టుకుని మేడ మీదికి వెళ్ళబోతూ ఆగి, మీ మాట విననందుకు ఏమనుకోవద్దన్నాడు. నాతో కాదు, అంబదాస్‌తో. ఆ మాటకు నేను ఆయన పాత తప్పులు సగం మాఫీ చేశాను. అప్పుడే వార్డు నుంచి నర్సు వచ్చి బాలకిషన్‌రావు కళ్ళు తెరిచాడని, కూతుర్ని అడుగుతున్నాడని చెప్పింది.

శంకరవ్వను లోపలికి పిలిపించాను. కొడుకు ఖాళీ చేతులు చూసింది. వాటిని తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను ఏం జరిగిందో చెబుతుంటే వింటున్నట్టే లేదు. ఎవరు చేశారని అడగలేదు. కిందికి దిగొచ్చిన ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్ళి నిలబడింది. జీపు తయారుగా ఉందని, ఇద్దర్నీ ఇంటి దగ్గర దింపిస్తానని ఆయన అన్నాడు.

"జీపు వద్దు సారూ. నిన్న మా వాడకట్టు నడుమల కెల్లి నా కొడుకును బేడీలేసి నడిపిచ్చిన్రు. మగ్గాలు బంద్ వెట్టి అందరు బయటికొచ్చి చూసిన్రు. ఇయ్యాల గా తొవ్వనే నువ్వు నడిసి వాణ్ని ఇంట్ల దించాలె," అంది.

కరుణాకర్‌రావు నా వైపు చూశాడు. నేను కావాలనే గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను. మేడ మీద నేరస్తుడు ఉన్నాడు, రాయాల్సిన కాగితాలు బోలెడున్నాయి, ఆ మాట ఆయన అనొచ్చు. అనలేదు. ఉపేందర్‌రావును వెంకటికి అప్పగించి టోపీ సరిచేసుకున్నాడు.

మగ్గాల వాడ మొదట్లోనే జీపు ఆపించాడు. ముందు శంకరవ్వ, వెనక అంబదాస్, పక్కన టోపీ పెట్టుకుని ఇన్‌స్పెక్టర్. నేను కాస్త వెనకగా నడిచాను. మొదటి ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది. గుమ్మంలోకి ఒక ముసలాయన వచ్చాడు. తర్వాత ఎదురింట్లో ఆగింది. ఒక్కొక్క ఇల్లూ ఆగుతూ వచ్చి, మేము నడి వీధికి చేరేసరికి వాడంతా నిశ్శబ్దమైపోయింది. అందరూ బయట నిలబడి ఉన్నారు. తన ఇంటి ముందు శంకరవ్వ ఆగి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గీ పిలగాడు ఏ తప్పు చెయ్యలే," అన్నాడు, వీధి చివరిదాకా వినబడేలా. "తప్పు నాది."